ఆస్తి అందుకున్న చేయి అప్పు కూడా అందుకోవాలి



ఇన్నాళ్ళూ వ్యాకరణం, ఛందస్సు, పాత పుస్తకాలు అంటూ నా ధోరణిలో నేను రాసుకుంటూ వస్తున్నాను. రాజకీయాల జోలికి పోరాదని ఒక నియమం పెట్టుకున్నాను. ఈ టపాతో ఆ నియమం తప్పుతున్నాను. కారణం చెప్పుకోవటం నా ధర్మం.

మొన్నొక ఉదయం నడకకని బయలుదేరి, పలమనేరు బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ ముందు ఆగిపోయినాను. అందులో మూడు ముఖాలు: తాత, తండ్రి, మనుమడు. మనుమడికి ఇంకా మీసకట్టయినా రాలేదు. 'భావి నాయకునికి జన్మదిన శుభాకాంక్షలు' అని కింద పెద్ద అక్షరాలు. ఏ పార్టీదని అడగకండి. అన్ని పార్టీలవీ అలాగే ఉంటాయి. ఆ ఫ్లెక్సీకి తాళ్ళు బిగిస్తున్నవాడు నా శిష్యుడు. ఇప్పుడతనికి నలభై అయిదేళ్ళుంటాయి. బడిలో చదివేనాడు విద్యార్థి నాయకుడు. వక్తృత్వ పోటీలో నిలబడితే ఎదుటివాడు మాట మరచిపోవలసిందే. తరువాత ఊరి రాజకీయాల్లో తిరిగి, ఒకసారి తన పార్టీని ఎం.పి.టి.సి. టికెట్టు అడిగినాడు. అది నాయకుని బంధువుకు పోయింది.

"ఏమప్పా, ఇంకా తాళ్ళు కట్టడంలోనే ఉన్నావా?" అన్నాను.

"మనదేముంది సార్! వాళ్ళ నాయిన చేసినాడు, రేపు ఈ పిల్లోడు చేస్తాడు. మేము కట్టేవాళ్ళమే" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వులో బాధ ఉంటే నేను ఇంటికి వచ్చి ఊరకుండేవాడినేమో. బాధ లేదు. వాన కురిసినట్లు, ఎండ కాసినట్లు, ఇదీ ప్రకృతి ధర్మమేనన్న ఒప్పుకోలు ఉన్నది. నాకు కష్టమనిపించింది అదే.

ఈ సంగతి నాతోపాటు పదవీ విరమణ చేసిన ఒక మిత్రుని దగ్గర ఎత్తితే ఆయన తేలికగా కొట్టిపారేసినారు. "డాక్టరు కొడుకు డాక్టరవుతాడు, వకీలు కొడుకు వకీలవుతాడు. మీ నాన్నగారు తెలుగు పండితులు, మీరూ తెలుగు పండితులే. నాయకుని కొడుకు నాయకుడైతే తప్పేమి?" అన్నారు. మీలోనూ చాలామంది ఈ వాదం విని ఉంటారు, కొందరు చేసీ ఉంటారు. కనుక దీనికి కొంచెం నిదానంగా సమాధానం చెబుతాను.

నిజమే, నేనూ వారసుడినే. మా ఇంట్లో పాలతోపాటు పద్యం పట్టించినారు. ఆ మేలు నాకు జరగలేదని బొంకను. అయితే మా నాన్నగారు పోయిన మర్నాడు ఆయన తరగతి గది తాళంచెవి ఎవరూ నా చేతికివ్వలేదు. భాషాప్రవీణ పరీక్ష నేను రాసినాను. పండిత శిక్షణ నేను పొందినాను. నాతోపాటు అదే బల్లమీద కూర్చుని పరీక్ష రాసినవారిలో చేనేత కార్మికుని కొడుకు ఉన్నాడు, కూలి చేసుకునే తల్లి బిడ్డ ఉన్నాడు. వారికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినాయి, నాకంటే ముందు ఉద్యోగాలు వచ్చినాయి. డాక్టరు కొడుకు కూడా వైద్యకళాశాల గడప దాటి, ఎముకల పేర్లు బట్టీపట్టి, పరీక్షకుని ముందు నిలబడక తప్పదు. వారసత్వం అతనికి చదువుకోవటానికి దీపమిస్తుంది, పట్టా ఇవ్వదు. రాజకీయాల్లో టికెట్టే పట్టా. దానికి పరీక్ష ఎక్కడ జరిగింది? పరీక్షకుడెవరు? మా శిష్యునికి ఏ ప్రశ్నకు జవాబు రానందువల్ల టికెట్టు ఇవ్వలేదు?

ఇది మొదటి మాట. అసలు మాట మరొకటి ఉన్నది. దానికి మా ఇంటి సంగతే ఒకటి చెప్పవలసి ఉన్నది.

మా నాన్నగారు పోయినప్పుడు నాకు దక్కినవి రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలు. కర్మలు ముగిసిన తరువాత ఒక చెనక్కాయల వ్యాపారి వచ్చి ఒక ప్రోనోటు చూపించినాడు. నాలుగు వేల రూపాయలు. అక్క పెళ్ళికి తీసుకున్న అప్పట. నేను వకీలుకు చూపిస్తే, "మూడేళ్ళు దాటింది, చెల్లు వేసిన గుర్తు కూడా లేదు. కాలదోషం పట్టింది. నువ్వు కట్టనక్కరలేదు" అన్నాడు. సంతోషంగా ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పినాను. ఆమె ఒక్కటే అడిగింది: "మరి ఆ పుస్తకాలకు కాలదోషం పట్టలేదా నాయనా? అవి మాత్రం ఎందుకు తెచ్చుకున్నావు?" రెండేళ్ళపాటు నెలనెలా జీతంలోనుంచి ఆ అప్పు తీర్చినాను.

మా అమ్మ చదువుకున్నది కాదు. కానీ ఆమె చెప్పింది శాస్త్రం. విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెనిగించినాడు. తెలుగులో వెలసిన తొలి ధర్మశాస్త్ర గ్రంథం అది. ఆ శాస్త్రంలో దాయభాగం ఎంత ముఖ్యమో ఋణాదానం అంత ముఖ్యం. తండ్రి సొత్తులో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. తండ్రి అప్పు తీర్చటం కొడుకుకు ధర్మం. తాగుడుకు, జూదానికి, విటత్వానికి చేసిన అప్పుల వంటివాటికే మినహాయింపు. ఆస్తి, అప్పు ఒకే ముంతలో నీళ్ళు. ఒకటి తాగి ఒకటి పారబోయటం కుదరదు.

మన రాజకీయ వారసత్వంలో జరుగుతున్నది సరిగ్గా ఆ కుదరని పనే. 'వారసుడు' అన్న మాట అరబ్బీ 'వారిస్' నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. మాట తెచ్చుకున్నాము, ఆస్తి పంచుకున్నాము, అప్పును మాత్రం సరిహద్దు దగ్గరే వదిలిపెట్టినాము.

ఉదాహరణ లేకుండా వాదం చేయరాదు. మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే, ముఖ్యమంత్రి పీఠం దాకా వెళ్ళిన ఒక వారసుని ప్రస్థానం చూద్దాం. వ్యక్తిగా ఆయనపై నాకు ద్వేషం లేదు.

నల్లారి అమరనాథరెడ్డి గారు కాంగ్రెసు నాయకులు. వాయల్పాడు నుంచి పలుమార్లు శాసనసభకు వెళ్ళినారు, పి.వి. నరసింహారావు గారి మంత్రివర్గంలో మంత్రిగా పనిచేసినారు. 1987లో మరణించినారు. 1989లో అదే వాయల్పాడు నుంచి ఆయన కుమారుడు కిరణ్‌కుమార్‌రెడ్డి గారు శాసనసభ్యులైనారు. 1994లో ఓడినారు. 1999లో, 2004లో మళ్ళీ గెలిచినారు. నియోజకవర్గాల పునర్విభజనలో వాయల్పాడు నియోజకవర్గమే రద్దయింది. అయినా ఇబ్బంది కలగలేదు. 2009లో పక్కనున్న పీలేరు నుంచి గెలిచినారు. ఊరి పేరు పటంలో చెరిగినా ఇంటి పేరు చెరగదన్నమాట! ప్రభుత్వ చీఫ్ విప్ అయినారు, సభాపతి అయినారు. ఒక్కరోజైనా మంత్రిగా పనిచేయకుండానే 2010 నవంబరు 25న ముఖ్యమంత్రి అయినారు.

చేసిన మంచిని దాచటం పాపం. 2011లో రూపాయికి కిలో బియ్యం, అదే ఏడు మీసేవ, 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం ఆయన కాలంలోనివే. సొంత మండలమైన కలికిరికి ఇంజనీరింగు కళాశాల, సైనిక పాఠశాల వచ్చినాయి. అక్కడ చదివే పిల్లలను చూస్తే ఎవరికైనా సంతోషమే.

ఇక అప్పుల పద్దు. కండలేరు జలాశయం నుంచి చిత్తూరు జిల్లాకు తాగునీరు తెస్తామని వేలకోట్ల పథకం ఒకటి ప్రకటించినారు. ప్రభుత్వం మారింది, పథకం ఆగింది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టిన మా వీధులకు ఆ నీరు రాలేదు. అంతకంటె పెద్ద పద్దు మరొకటి. రాష్ట్ర విభజన జరగదని, ఆపగలనని ఆయన నమ్మబలికినారు. స్వయంగా క్రికెటరు కనుక ఆఖరి బంతి ఇంకా మిగిలే ఉన్నదన్నారు. ఆ బంతి కోసం ఎదురుచూసినవారిలో నేనూ ఉన్నాను. 2014 జనవరి 30న శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది. మర్నాడు ఆయన రాజీనామా చేసినారు. తరువాత జై సమైక్యాంధ్ర పార్టీ స్థాపించినారు. చెప్పుల జత గుర్తు. ఆ ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు, పీలేరులో తమ్ముడు కిశోర్‌కుమార్‌రెడ్డి గారు నిలబడి ఓడినారు. పార్టీకి ఒక్క స్థానమూ రాలేదు.

ఓడటం తప్పు కాదు. ఓడిన తరువాత లెక్క చెప్పకపోవటం తప్పు. 2018లో ఆయన తిరిగి కాంగ్రెసులో చేరినారు. విభజన చేసిన పార్టీ అదే. 2023లో భారతీయ జనతా పార్టీలో చేరినారు. ఆ బిల్లుకు పార్లమెంటులో మద్దతు పలికిన పార్టీ అది. మనిషి అభిప్రాయం మార్చుకోవచ్చు. అయితే ఆయన మాట నమ్మి వీధుల్లోకి వచ్చినవారికి, నేను అప్పుడన్నది ఇందుకు, ఇప్పుడు మారింది ఇందుకు అని చెప్పవలసిన ఋణం ఒకటి మిగిలి ఉన్నది. అది తీరినట్లు నాకు తోచలేదు. 2024 మే 13న, అటు రాజంపేట లోక్‌సభ స్థానానికి అన్నగారు భాజపా అభ్యర్థి, ఇటు అందులోనిదే అయిన పీలేరు శాసనసభ స్థానానికి తమ్ముడుగారు తెలుగుదేశం అభ్యర్థి. అన్నగారు ఓడినారు, తమ్ముడుగారు గెలిచినారు. ప్రోనోటుకు కాలదోషం పట్టింది. ట్రంకుపెట్టె ఇంట్లోనే ఉన్నది.

వాయల్పాడుకు మరొక పేరు వాల్మీకిపురం. పట్టాభిరాముడు వెలసిన ఊరు. వాల్మీకి కథ మనందరికీ తెలిసిందే. దారి దోచి ఇల్లు నడిపే బోయవాణ్ణి ఋషులు అడిగినారట: నువ్వు తెచ్చినది తినేవారు నీ పాపంలోనూ పాలు పంచుకుంటారేమో కనుక్కొని రా, అని. ఇంటికి పోయి అడిగితే ఆలుబిడ్డలు, తెచ్చినది తింటాము గాని పాపం నీదేనన్నారట. ఆ జవాబుతో అతనికి కళ్ళు తెరుచుకున్నాయి. మన సంగతి తిరగబడింది. వారసులు ఏనాటినుంచో అదే జవాబు చెబుతున్నారు. కళ్ళు తెరవవలసిన మనం మాత్రం చప్పట్లు కొడుతున్నాము.

ఇది ఒక్క ఇంటి కథ కాదు, ఒక్క పార్టీ కథా కాదు. 2024 ఎన్నికల్లో మా ఉమ్మడి జిల్లా చూడండి. శ్రీకాళహస్తిలో బొజ్జల గోపాలకృష్ణారెడ్డి గారి కుమారుడు గెలిచినారు. నగరిలో గాలి ముద్దుకృష్ణమనాయుడు గారి కుమారుడు గెలిచినారు. తిరుపతిలో భూమన కరుణాకరరెడ్డి గారి కుమారుడు, చంద్రగిరిలో చెవిరెడ్డి భాస్కరరెడ్డి గారి కుమారుడు పోటీచేసి ఓడినారు. మా పలమనేరులో గెలిచిన ఎన్. అమరనాథరెడ్డి గారు, 1996, 1998, 1999 ఎన్నికల్లో చిత్తూరు లోక్‌సభకు గెలిచిన నూతనకాల్వ రామకృష్ణారెడ్డి గారి కుమారులు. 2014లో మేము ఒక పార్టీ గుర్తుమీద ఆయనను గెలిపించినాము. 2016లో ఆయన ఎదుటి పార్టీలోకి వెళ్ళి, 2017లో మంత్రి అయినారు. మమ్మల్ని అడిగినారా? అడగలేదు. తమ పొలం గట్టు తాము జరుపుకొనేవారు పాలేరును అడుగుతారా?

రాజంపేట లోక్‌సభ లెక్క మరీ విచిత్రం. పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి గారి కుమారుడు మిథున్‌రెడ్డి గారు అక్కడ వరుసగా మూడుసార్లు గెలిచినారు. 2014లో ఆయన ప్రధాన ప్రత్యర్థి ఎన్టీ రామారావు గారి కుమార్తె పురందేశ్వరి గారు. 2019లో మాజీ ఎంపీ డి.కె. ఆదికేశవులు గారి భార్య సత్యప్రభ గారు. 2024లో కిరణ్‌కుమార్‌రెడ్డి గారు. అంటే మూడు ఎన్నికల్లోనూ ఓటరుకు దొరికిన స్వేచ్ఛ ఇంతే: ఈ ఇంటి వారసులా, ఆ ఇంటి వారసులా? 'ప్రజలే గెలిపిస్తున్నారు కదా' అనేవారికి నా జవాబు ఇదే. వడ్డించిన విస్తట్లో రెండే కూరలుంటే, ఏదో ఒకటి తిన్నవాణ్ణి చూసి అతనికి అదే ఇష్టమనటం న్యాయమేనా?

ఈ జాడ్యం మనదొక్కటే కాదు. క్రమశిక్షణకు పెట్టింది పేరని మనం పిల్లలకు పాఠం చెప్పే జపానులోనూ ఇంతే. ఎన్నిక గెలవాలంటే మూడు 'బాన్‌'లు కావాలని అక్కడ ఒక నానుడి. జిబాన్ అంటే పునాది, అనగా నియోజకవర్గపు బలగం. కన్‌బాన్ అంటే పేరుబల్ల, అనగా ఇంటి పేరు. కబాన్ అంటే సంచి; అందులో ఏముంటుందో చెప్పనక్కరలేదు. ఈ మూడూ పుట్టుకతో వచ్చేది వారసునికే. 2006 నుంచి 2010 దాకా ఆ దేశాన్ని ఏలిన నలుగురు ప్రధానులు, అబే, ఫుకుదా, అసో, హతోయామా, నలుగురూ మాజీ ప్రధానుల కొడుకులో మనుమలో. ఒక్కొక్కరూ ఏడాదికి కాస్త అటూ ఇటూగా దిగిపోయినారు. వారిలో అబే షింజో 2012లో తిరిగివచ్చి 2020 దాకా ఏలి, ఆ దేశ చరిత్రలోనే అత్యధిక కాలం ప్రధానిగా నిలిచినాడు. కనుక వారసులందరూ అసమర్థులనటం నా వాదం కాదు.

2023లో ఆ అబే తమ్ముని కుమారుడు కిషి నొబుచియో యమగుచి నుంచి పోటీకి దిగి, తన వెబ్‌సైటులో వంశవృక్షం పెట్టినాడు. మన ఫ్లెక్సీలోని మూడు ముఖాల వంటిదే. జనం విమర్శించినారు. ఆయన దానిని తీసివేసినాడు. ఎన్నికలో గెలిచినాడనుకోండి, అయినా వంశవృక్షం చూపించినందుకు ఒక అభ్యర్థి సిగ్గుపడవలసిన పరిస్థితి అక్కడ వచ్చింది. ఇక్కడ వంశవృక్షానికి పాలాభిషేకం చేస్తున్నాము. తేడా అంతే, కానీ ఆ తేడా చిన్నది కాదు.

నా మిత్రుడు చివరి అస్త్రంగా, "కుటుంబం అండ లేకపోతే ఆడవాళ్ళు రాజకీయాల్లోకి ఎలా వస్తారు? గల్లా అరుణకుమారి గారు పాటూరి రాజగోపాలనాయుడు గారి కుమార్తె కాకపోతే మంత్రి అయ్యేవారా?" అన్నారు. ఇందులో సత్యముంది, ఒప్పుకుంటాను. అయితే ఈ వాదం వారసత్వాన్ని సమర్థించటం లేదు. తక్కిన తలుపులన్నీ మూసి ఉన్నాయని సాక్ష్యం చెబుతున్నది. ఒక్క కిటికీలోంచి గాలి వస్తున్నదని తలుపులకు తాళం వేసినవాణ్ణి మెచ్చుకుంటామా?

మరి ఏమి చేయాలంటారు? వారసులు పోటీ చేయరాదని నేననను. మన రాజ్యాంగం శాసనసభ అభ్యర్థికి పౌరసత్వం, ఇరవై అయిదేళ్ళ వయస్సు ఉండాలన్నది గాని, తండ్రి ఎవరని అడగలేదు. అడగని ప్రశ్నకు మార్కులు వేయటమూ తప్పే, మార్కులు కోయటమూ తప్పే. నేను కోరేది రెండే. ఒకటి, తండ్రి వదిలిన స్థానంలో కొడుకునో, కోడలినో నిలబెట్టేముందు ఏ పార్టీ అయినా ఆ నియోజకవర్గంలో పనిచేసిన మరో నలుగురి పేర్లు పిలిచి, అక్కడి కార్యకర్తల చేత ఓటు వేయించాలి. వారసుడు నిజంగా సమర్థుడైతే ఆ పరీక్షలోనూ నెగ్గుతాడు, పట్టా చేతపట్టుకుని వస్తాడు.

రెండవది మన చేతిలోనిది. ఎన్నికల విధుల్లో పాతికేళ్ళు గడిపినవాణ్ణి. కాగితాలు కొంత తెలుసు. నామినేషను పత్రంలో తండ్రి పేరుకు గడి ఉన్నది. సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని 2003 నుంచి ప్రతి అభ్యర్థీ తన ఆస్తులతోపాటు అప్పులు కూడా ప్రమాణపత్రంలో చూపించాలి. బ్యాంకు అప్పు రాస్తారు, కారు అప్పు రాస్తారు. తండ్రి వేసిన శంకుస్థాపనలు, అన్న ఇచ్చిన మాటలు, తామే చేసిన ప్రతిజ్ఞలు రాసే గడి అందులో లేదు. ఆ గడి మనమే గీయాలి. ఓటడగటానికి వారసుడు గడపలోకి వచ్చినప్పుడు, "నాయనా, మీ ఇంటి పేరు మీద మా ఊరికి ఇంత బాకీ ఉన్నది. కడతావా, కాలదోషం పట్టిందంటావా?" అని అడగాలి. కడతానంటే గడువు అడగాలి. పట్టిందంటే, మీ ఇంటి పేరుకూ పట్టిందని చెప్పి పంపాలి.

మిత్రులారా, మీ మీ ఊళ్ళలో అలాంటి బాకీలు ఏమున్నాయో రాయండి. ఆగిన కాలువ, పునాది దాటని ఆసుపత్రి, రాయి మాత్రమే మిగిలిన వంతెన. తేదీతో సహా, తిట్లు లేకుండా. పద్దు సరిగా ఉంటే గొంతు పెంచవలసిన పని లేదు.

నిన్న మళ్ళీ అటువైపు నడిచినాను. గాలికి ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడుతున్నది. నా శిష్యుడు నిచ్చెన వేసుకుని కడుతున్నాడు. "సార్, ఒక చేయి పట్టుకోండి" అన్నాడు. పట్టుకోలేదు. "దిగిరా, నీతో మాట్లాడాలి. ఈసారి ఎం.పి.టి.సి. ఎన్నికలకు నువ్వే ఎందుకు నామినేషను వేయకూడదు? ఏ పార్టీ టికెట్టూ లేకుండానే. కాగితాలు నేను నింపిస్తాను" అన్నాను.

అతను నిచ్చెన మీదనే ఆగి, "మా నాయిన పేరు ఎవరికి తెలుసు సార్?" అన్నాడు.

"అందుకే వేయమంటున్నాను" అన్నాను. దిగలేదు, అయితే తాడు కట్టటమూ ఆపినాడు. ప్రస్తుతానికి అంతే జరిగింది.